పన్నెండు కిలోల బరువుకు తేలికపాటి ఫ్రేమ్ సంచి: ప్రాజెక్టు డైరీ

ఫ్రేమ్ లేని తేలికపాటి ట్రెకింగ్ సంచికి ఫ్రేమ్ (వీపు వెంట ఉండి, బరువును భుజాల మీద నుంచి నడుం బెల్టుకు దింపే గట్టి చట్రం) అమర్చుకోవాలనుకునేవారికీ, ఫ్రేమ్ ఉన్న సంచి కొనేముందు ఏయే కొలతలు చూడాలో తెలుసుకోవాలనుకునేవారికీ పనికొస్తుందని ఈ డైరీ రాస్తున్నాను. జనవరి నుంచి జూలై వరకు హైదరాబాదులో చేసిన పని ఇది. సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని హంప్తా పాస్ (4,270 మీటర్లు) మీదుగా, గుర్రాలూ కూలీలూ లేకుండా, నాలుగు రోజుల తిండి వీపున వేసుకొని నడవాలన్నది సంకల్పం.

మొదటి దశ (జనవరి): సామాను తూకం

సంచి సంగతి ఆలోచించే ముందు దానిలో పెట్టే ప్రతి వస్తువునూ వంటింటి కాటా మీద విడివిడిగా తూచాను.

గుడారం: 1,350 గ్రాములు
స్లీపింగ్ బ్యాగు: 1,080
కింద పరిచే చాప: 410
బట్టలు: 1,240
స్టవ్, గిన్నె, చెంచా: 390
వాన కోటు, సంచి మీద తొడుగు: 420
టార్చి, పవర్ బ్యాంకు, మందులు, ఖాళీ సీసాలు: 610
మొత్తం: 5,500 గ్రాములు

దీనికి రోజుకు 600 గ్రాముల చొప్పున నాలుగు రోజుల తిండి 2,400, గ్యాస్ డబ్బా 380, మూడు లీటర్ల నీళ్లు 3,000 కలిపితే 11,280 గ్రాములు అయింది. నా దగ్గర ఉన్న ఫ్రేమ్ లేని 50 లీటర్ల సంచి 640 గ్రాములు. అంటే బయలుదేరే ఉదయం వీపు మీద 11,920 గ్రాములు ఉంటాయి.

తిండి, నీళ్లు, ఇంధనం మినహాయించి మిగతా సామాను, సంచితో సహా, 4.5 కిలోల (10 పౌండ్ల) లోపు ఉంటే దాన్ని అల్ట్రాలైట్ అంటారు. నాది 6.14 కిలోలు. ఫ్రేమ్ లేని సంచిని మొత్తం 9 కిలోల వరకే హాయిగా మోయగలమని అనుభవజ్ఞులు చెప్పే మాట నా విషయంలోనూ నిజమైంది. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది హిమాలయం కాదు, మన దక్కను కొండలే. ఇక్కడ గ్రానైటు బండల మీద నీరు నిలవదు, ఫిబ్రవరి దాటితే వాగులు ఎండిపోతాయి, ఎండాకాలంలో రోజంతా నడవాలంటే నాలుగైదు లీటర్లు ఇంటి నుంచే మోసుకుపోవాలి. సామాను ఎంత తగ్గించినా ఆ నీళ్ల బరువు తగ్గదు. కాబట్టి సంచిని సగటు బరువును బట్టి కాకుండా, దాని మీద అత్యధిక బరువు పడే గంటను బట్టి ఎంచుకోవాలని నిర్ణయించుకున్నాను.

సంచి బరువు: 640 గ్రాములు. ఖర్చు: 0 (ప్రతి దశ చివరా అప్పటిదాకా అయిన మొత్తం ఖర్చు రాస్తాను).

రెండవ దశ (జనవరి చివర): వీపు పొడవు

ఫ్రేమ్ ఉన్న సంచికి మనిషి ఎత్తుతో పని లేదు, వీపు పొడవుతోనే పని. నేను అద్దం ముందు నిలబడి ఒక్కడినే టేపుతో కొలుచుకొని 49 సెం.మీ. అని రాసుకున్నాను. అది తప్పు. చొక్కా కాలరు అంచునే మెడ ఎముకగా భావించడం వల్ల రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. రెండోసారి మా అక్క కొలిచింది. "ఒరేయ్, తల వంచి అలాగే ఉండు, ఊపిరి బిగబట్టకు" అని మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 46.5 సెం.మీ. వచ్చింది. సరైన పద్ధతి ఇది.

1. తల ముందుకు వంచినప్పుడు మెడ కింద అన్నిటికన్నా ఎక్కువగా పొడుచుకొచ్చే వెన్నుపూస ఏడవది. అక్కడ పెన్నుతో గుర్తు పెట్టాలి.
2. రెండు చేతులూ నడుము మీద పెట్టి, తుంటి ఎముకల పై అంచును వేళ్లతో తడిమి పట్టుకొని, బొటనవేళ్లు వెనక్కి చాపాలి. ఆ రెండు బొటనవేళ్లను కలిపే గీత రెండో గుర్తు.
3. నిటారుగా నిలబడి, మెత్తని టేపును వెన్ను వంపు వెంట ఆనించి ఈ రెండు గుర్తుల మధ్య దూరం వేరొకరి చేత కొలిపించాలి.

వేలాడే లగేజీ కాటాకు 350, టేపుకు 30 రూపాయలు అయ్యాయి.

ఖర్చు: రూ. 380.

మూడవ దశ (ఫిబ్రవరి మొదటి వారం): మూడు సంచుల పోలిక

మొదటిది నా పాత 60 లీటర్ల ట్రెకింగ్ సంచి. దాని ఖాళీ బరువే 2,140 గ్రాములు. బరువును నడుముకు చక్కగా దింపుతుంది కానీ, గుడారం మీద ఎంతో శ్రమించి తగ్గించుకున్న బరువంతా దీనిలోనే తిరిగి చేరుతుంది. రెండోది స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న తేలికపాటి ఫ్రేమ్ సంచి, 1,080 గ్రాములు. సంచి వీపుకు తగలకుండా మధ్యలో జాలీ బిగించి ఉండే రకం కావడంతో గాలి బాగా ఆడింది, చెమట తక్కువ పట్టింది. కానీ అది 51 సెం.మీ. వీపు కోసం చేసినది. నాకు నడుం బెల్టు తుంటి ఎముక మీద కూర్చోకుండా పిరుదుల మీదికి జారింది. పైగా జాలీ ఉన్నంత మేర సామాను వెన్నుకు దూరంగా జరుగుతుంది. 11 కిలోలు 5 సెం.మీ. వెనక్కి జరిగితే, ఆ మేరకు మనల్ని వెనక్కి లాగే శక్తి పెరుగుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి నడిచినంతసేపూ ముందుకు వంగాలి. ఏప్రిల్ ఎండలో గాలి ఆడటం గొప్ప సుఖమే అయినా, బండరాళ్ల మీద తూలిపోకుండా ఉండటమే నాకు ముఖ్యం అనిపించింది.

మూడోది ఫ్రేమ్ లేని నా సంచి. దాని కుంగుబాటును కొలవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. భుజపట్టీలు కుట్టిన చోటు నుంచి నడుం బెల్టు పై అంచు వరకు ఉన్న దూరాన్ని సంచి ఖాళీగా ఉన్నప్పుడొకసారి, బరువు వేసి తొడుక్కున్నాక ఒకసారి కొలిచాను. ఎంత తగ్గితే అంత కుంగినట్టు. కుంగిన మేరకు బరువు నడుము వదిలి భుజాల మీదికి వస్తుంది.

ఫ్రేమ్ లేకుండా కుంగుబాటు:
8 కిలోలు: 1.8 సెం.మీ.
10 కిలోలు: 3.1
12 కిలోలు: 4.9
14 కిలోలు: 6.6

మొదటి రోజు కొలతలను పారేయాల్సి వచ్చిందని కూడా చెప్పాలి. బియ్యం ప్యాకెట్టునూ నీళ్ల సీసాలనూ అడుగున పడేసి కొలిచాను. బరువంతా బెల్టు పక్కనే ఉండటంతో సంచి కుంగలేదు, ఫలితం అబద్ధంగా బాగా వచ్చింది. అసలు సామానును అసలు వరుసలో, అంటే స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైన తిండి వెన్నుకు ఆనుకొని నడిమి ఎత్తులో సర్ది, నీళ్ల సీసాలను రెండు పక్కలా సమానంగా పెట్టి మళ్లీ కొలిచినవే పై అంకెలు.

నాకు తగిన కొలతలో కొత్త ఫ్రేమ్ సంచిని తొడుక్కొని చూసి కొనే వీలు కలగలేదు కాబట్టి, ఉన్న సంచికే ఫ్రేమ్ పెట్టాలని తేల్చుకున్నాను.

నాలుగవ దశ (ఫిబ్రవరి): 2 మి.మీ. బద్దలు, విఫలం

సికింద్రాబాదు రాణీగంజ్‌లో 12 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం ఫ్లాట్ పట్టీ రెండు మీటర్లు కొన్నాను (రూ. 120). భుజపట్టీలతో గందరగోళం రాకుండా ఇకమీదట దీన్ని బద్ద అని రాస్తాను. హ్యాక్సా బ్లేడు, ఆకురాయి రూ. 160. సంచి వీపు పలక పొడవే చాలనుకొని 48 సెం.మీ. చొప్పున రెండు ముక్కలు కోసి, వీపు పలక లోపలి వైపు నిలువుగా రెండు తొడుగులు కుట్టించి (రూ. 200) వాటిలో దూర్చాను. బద్దల జత 62 గ్రాములు, తొడుగులు 28 గ్రాములు.

సంచి బరువు: 730 గ్రాములు. ఖర్చు: రూ. 860.

ఇంట్లో 10 కిలోలకు కుంగుబాటు 1.6 సెం.మీ. వచ్చింది, 12 కిలోలకు మాత్రం 3.2కు పెరిగింది. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకదారి మీద 11 కిలోలతో రెండు చుట్లు, అంటే దాదాపు 12 కిలోమీటర్లు నడిచాను. మొదటి చుట్టులో ఇబ్బంది లేదు. రెండో చుట్టు సగంలో బెల్టు బిగువు అంతే ఉన్నా భుజాలు నొప్పి పుట్టడం మొదలైంది. ఇంటికి వచ్చి బద్దలు బయటికి తీసి నేల మీద పెడితే, రెండూ నడుము పైభాగంలో విల్లులా వంగి ఉన్నాయి. మధ్యలో నేలకూ బద్దకూ సందు 14 మి.మీ.! నేను వంచని వంపు అది.

ఇక్కడ రెండు వేర్వేరు లోపాలు కలిసి పనిచేశాయి.

మొదటిది బిగువు. బద్ద వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, పొడవు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 2 మి.మీ. నుంచి 3 మి.మీ.కు వెళ్తే మందం ఒకటిన్నర రెట్లే అయినా బిగువు 3.4 రెట్లు అవుతుంది, బరువు మాత్రం ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. సంచి మీద గ్రాములు ఎక్కడ ఖర్చుపెట్టాలో నాకు తేల్చిచెప్పిన లెక్క ఇదే.

రెండవది లోహం రకం. కిటికీల ఫ్రేములకు వాడే 6063 రకాన్ని నేను కొన్నాను. అల్యూమినియం మిశ్రమాలన్నిటికీ బిగువు దాదాపు ఒకటే, కానీ వంగినది తిరిగి నిటారు కాకుండా అలాగే ఉండిపోయే హద్దు వేరు. 6063 సాధారణ రకంలో అది 145 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత) దగ్గర ఉంటే, 6061-టీ6 అనే మరింత గట్టి రకంలో 275 దాకా ఉంటుంది. అందువల్ల మందం పెంచి లోహం మార్చకపోతే సగం పనే అవుతుంది.

కార్బన్ ఫైబర్ గొట్టాల గురించీ ఆలోచించాను. 8 మి.మీ. గొట్టాల జత 40 గ్రాముల్లో వస్తుంది, ఎంతో బిగువుగా ఉంటుంది. అయితే అది తిన్నగా ఉంటుంది, వెన్ను వంపుకు తగ్గట్టు వంచలేము, బండకు గట్టిగా తగిలితే నిలువునా చీలుతుంది. అల్యూమినియం వంగినా కొండ మీదే చేత్తో సరిచేసుకోవచ్చు. ఆ భరోసా కోసం 70 గ్రాములు ఎక్కువ మోయడానికి నాకు అభ్యంతరం లేదు.

ఐదవ దశ (మార్చి): 3 మి.మీ. బద్దలు

6061-టీ6 పట్టీ చిల్లరగా దొరకలేదు. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో 3 మి.మీ. రేకు తుంట నుంచి 12 మి.మీ. వెడల్పున మూడు ముక్కలు కోయించాను. వాటిలో ఒకటి అదనం. మొత్తం రూ. 450. ఈసారి పొడవు 58 సెం.మీ. పెట్టాను, ఎందుకంటే బద్ద పై కొస భుజం కన్నా కనీసం పది సెంటీమీటర్ల ఎత్తున ఉంటేనే లోడ్ లిఫ్టర్ పట్టీలు (భుజపట్టీలను సంచి పైభాగానికి లాగిపెట్టే చిన్న పట్టీలు) భుజం నుంచి ఏటవాలుగా పైకి వెళ్లి పనిచేస్తాయి. పొడవు పెరగడం వల్ల బిగువులో మూడో వంతు దాకా పోయినా, మందం వల్ల వచ్చినదాన్ని కలుపుకుంటే పాత బద్ద కన్నా 2.3 రెట్లు ఉంది. జత బరువు 113 గ్రాములు.

వంచే విధానం:

1. మందపాటి కరెంటు తీగను వెన్నెముక పక్కన ఆనించి, మెడ కింద నుంచి నడుము దాకా మా అక్క చేత నొక్కించాను. తీగ వెన్ను వంపును పట్టుకుంది.
2. ఆ తీగను వార్తాపత్రిక మీద పెట్టి గీత గీశాను.
3. బద్దను 110 మి.మీ. పీవీసీ పైపు మీద పెట్టి, రెండు చేతులతో కొద్దికొద్దిగా నొక్కుతూ, ప్రతిసారీ గీత మీద పెట్టి చూస్తూ వంచాను.
4. కొసలను ఆకురాయితో గుండ్రంగా రాశాను.

మూడో మెట్టు దగ్గర ఒక బద్ద పోయింది. ఎక్కువ వంచి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు వంచాను. అలా ముందుకూ వెనక్కీ వంచితే అల్యూమినియం ఆ చోట గట్టిపడి పెళుసెక్కుతుంది. వంపు బయటి అంచు మీద వెంట్రుకంత పగులు కనిపించింది. అది వేలికి తగలలేదు, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే తెలిసింది. దాన్ని పక్కన పెట్టి అదనపు ముక్కను వాడాను. వంపు తక్కువైనా ఫరవాలేదు, ఎక్కువ కాకూడదు.

నాలుగో మెట్టు దగ్గర మరో తప్పు చేశాను. పై కొసలను శ్రద్ధగా రాసి, తొడుగు లోపలే ఉంటాయి కదా అని కింది కొసలను పైపైన రాసి వదిలేశాను.

సంచి బరువు: 781 గ్రాములు. ఖర్చు: రూ. 1,310.

ఖాజాగూడ గుట్టల మీద 12 కిలోలతో మూడు గంటలు నడిచాను. దిగి వచ్చి సంచి బోర్లించి చూస్తే, కుడి తొడుగు అడుగున చిటికెన వేలి గోరంత అల్యూమినియం మొన బయటికి మెరుస్తోంది. చుట్టూ 210 డెనియర్ (పోగు లావు కొలత) నైలాన్ పోగులు విడిపోయి దూదిలా లేచాయి. ఇంకో గంట నడిచి ఉంటే అది నా నడుములోనే దిగేది.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది కుంగుబాటు కొలత. 12 కిలోలకు అర సెంటీమీటరో ఒకటో వస్తుందనుకుంటే 2.4 వచ్చింది, 14 కిలోలకు 3.3. బద్దలు తీసి చూస్తే తిన్నగానే ఉన్నాయి, ఏమాత్రం వంగలేదు. మరి సంచి కుంగుతున్నది ఎక్కడ?

రెండు రోజులు వెతికాక దొరికింది. తొడుగు అడుగుభాగం నడుం బెల్టుకు 4 సెం.మీ. పైన ముగిసింది. ఆ నాలుగు సెంటీమీటర్ల మేర వట్టి గుడ్డే ఉంది. బద్ద ఎంత బిగువుగా ఉన్నా, దాని కింద ఉన్న గుడ్డ ముడత పడుతుంటే బరువు బెల్టుకు చేరదు. ఫ్రేమ్ ఉన్న సంచి కొనేవారు మొదట ఈ చోటును చూడాలని నా గట్టి అభిప్రాయం. ఫ్రేమ్ అడుగు కొస వేలితో నొక్కి, అది నేరుగా బెల్టులోకి దిగుతోందా, లేక వీపు గుడ్డలోనే ఆగిపోతోందా అని చూసుకోవాలి. సంచి మీద ఫ్రేమ్ అని రాసి ఉన్నంత మాత్రాన బరువు తుంటికి చేరుతుందన్న నమ్మకం లేదు.

ఆరవ దశ (ఏప్రిల్): బద్దను బెల్టులోకి దించడం

సికింద్రాబాదు స్టేషను దగ్గర సంచులు బాగుచేసే మాస్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చిరుగులో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"సార్, ఈ కొస వట్టి గుడ్డ మీద ఆగదు. నవారు రెండు మడతలు పెట్టి అడ్డంగ కుట్టాలె. లేకుంటె పది రోజులకు మళ్ల ఇదే వస్తది."

"తొడుగును కిందికి పెంచి బెల్టు మధ్యలోకి దింపి కుట్టగలరా మాస్టర్?"

"దింపుత. కని బెల్టు కుట్లు మొత్తం విప్పాలె."

విప్పి, తొడుగును బెల్టు వెడల్పులో సగం దాకా దింపి, అడుగున 25 మి.మీ. నైలాన్ నవారును రెండు మడతలుగా గిన్నెలా పెట్టి, దాని రెండు చివర్లా మిషను కుట్టును దగ్గరదగ్గరగా పదిసార్లకు పైగా అడ్డంగా నడిపించారు. దారం నైలాన్‌దే వాడమని అడిగాను, ఎందుకంటే నూలు దారం చెమటకూ వానకూ చివికిపోతుంది. నేను బద్దల కింది కొసలను ఈసారి అర్ధచంద్రాకారంలో రాసి, బుగ్గకు రుద్దుకున్నా గీరుకోనంత నున్నగా చేశాను.

ఫలితం:
8 కిలోలు: 0.3 సెం.మీ.
10 కిలోలు: 0.5
12 కిలోలు: 1.0
14 కిలోలు: 1.4

బద్దలు అవే, సంచి అదే. అదనంగా చేరింది 14 గ్రాముల నవారూ కుట్టూ మాత్రమే.

సంచి బరువు: 795 గ్రాములు. ఖర్చు: రూ. 1,490.

ఏడవ దశ (మే, జూన్): బెల్టు, లోడ్ లిఫ్టర్లు

బరువు నడుముకు దిగడం మొదలయ్యాక అసలు బెల్టు లోపం బయటపడింది. అది వట్టి 25 మి.మీ. నవారు. భువనగిరి కోట ఏకశిల ఎక్కి దిగేసరికి రెండు తుంటి ఎముకల మీదా ఎర్రటి చారలు పడ్డాయి, మర్నాటికి కమిలాయి. అంతకుముందు ఆ నవారు నొప్పి పెట్టలేదంటే అది బరువు మోయలేదనే అర్థం.

పాతది (46 గ్రాములు) తీసేసి, చెప్పుల అడుగులకు వాడే రకం 10 మి.మీ. ఈవీఏ ఫోమ్‌ను నైలాన్ గుడ్డలో పెట్టి, తుంటి వద్ద 9 సెం.మీ. వెడల్పు ఉండి ముందుకు వచ్చేకొద్దీ సన్నబడే రెండు రెక్కలు కుట్టించాను (168 గ్రాములు, రూ. 620). మెత్తగా ఉంటుందని మొదట 15 మి.మీ. సాదా స్పాంజి పెట్టి చూశాం. అది బిగించగానే కాగితంలా అణగిపోయింది. చేత్తో నొక్కితే నెమ్మదిగా అణిగి వెంటనే పైకి లేచే ఫోమ్ మాత్రమే దీనికి పనికొస్తుంది.

లోడ్ లిఫ్టర్లను బద్దల పై కొసల దగ్గర కుట్టించాను (18 గ్రాములు, రూ. 140). తొడుక్కొని పక్క నుంచి ఫోటో తీయించి కోణం కొలిస్తే 40 డిగ్రీలు వచ్చింది. 30 నుంచి 60 లోపు ఉంటే బాగా పనిచేస్తాయి. బిగించినప్పుడు భుజం పైభాగం మీద పట్టీ కింద నా రెండు వేళ్లు సులువుగా దూరాయి.

భువనగిరికి మళ్లీ వెళ్లాను, ఈసారి 12 కిలోలతో. నున్నటి బండ వాలు మీద ముందుకు వంగి ఎక్కేటప్పుడు సంచి వీపును విడిచి వెనక్కి ఊగలేదు. చారలు పడలేదు.

సంచి బరువు: 935 గ్రాములు. ఖర్చు: రూ. 2,250.

ఎనిమిదవ దశ (జూలై): తీసివేతలు

ఆర్నెల్లలో ఒక్కసారీ వాడని వాటిని తీసేశాను. పై మూత లోపలి జేబు, ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి) తగిలించే ఉచ్చులు, అడుగున చాప కట్టే రెండు పట్టీలు, అవసరానికి మించి వేలాడుతున్న పట్టీల కొసలు కలిపి 61 గ్రాములు. పట్టీల కొసలు కోసేముందు చలికోటు తొడుక్కొని సంచి వేసుకొని చూడాలి, ఉత్త చొక్కా మీద కొలిచి కోస్తే కొండ మీద చాలవు. కోసిన చోట కొవ్వొత్తి మంటతో కాల్చకపోతే పోగులు ఊడతాయి. కుట్లు విప్పించడానికి రూ. 100.

సంచి బరువు: 874 గ్రాములు. ఖర్చు: రూ. 2,350.

అదే నెల రెండో ఆదివారం వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పూర్తి సామానుతో, 12,150 గ్రాములతో, వానలో 17 కిలోమీటర్లు నడిచాను. నడక చివర కుంగుబాటు 1.1 సెం.మీ. భుజాల మీద నొప్పి లేదు. తడిసిన సంచి 90 గ్రాముల నీరు పీల్చుకుంది. అది ఆరడానికి ఒక రాత్రంతా పట్టింది కాబట్టి, హంప్తాలో రాత్రిపూట సంచిని గుడారం లోపలే పెట్టుకోవాలి.

ఇంటికి వచ్చాక బద్దలు బయటికి తీసి వార్తాపత్రిక మీది పాత గీతతో పోల్చాను. వంపు మారలేదు. ఎడమ తొడుగు అడుగున నవారు మీద మాత్రం నల్లటి పొడి అంటింది, అల్యూమినియం ఒరిపిడికి రాలినది. పాత సైకిలు ట్యూబు నుంచి మూడు సెంటీమీటర్ల ముక్కలు రెండు కోసి కింది కొసలకు తొడిగాను. జత 4 గ్రాములు.

సంచి బరువు: 878 గ్రాములు. ఖర్చు: రూ. 2,350.